ప్రశ్నలు అడిగేవాడే సాక్షి కుర్చీలో: 1976 నాటి ‘రాక్‌ఫర్డ్ ఫైల్స్’ ఎపిసోడ్ చూపించే గ్రాండ్ జ్యూరీ

సంక్షిప్తంగా: ‘ది రాక్‌ఫర్డ్ ఫైల్స్’ అనే అమెరికన్ డిటెక్టివ్ సీరియల్‌లో 1976 నవంబరు 19న ‘సో హెల్ప్ మీ గాడ్’ అనే ఎపిసోడ్ ప్రసారమైంది. అందులో ఒక ప్రైవేట్ డిటెక్టివ్ ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ, అంటే ఒకరి మీద అభియోగం మోపాలో లేదో తేల్చే పౌరుల బృందం, ముందు సాక్షిగా నిలబడాల్సి వస్తుంది. అతని మీద ఏ నేరమూ మోపరు, అయినా జైలుకు వెళతాడు. ఇది నాటకీయత కోసం అల్లిన అతిశయోక్తి కాదు. 1970లో వచ్చిన చట్టం, 1972లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు కలిసి వేసిన దారి అది. ఆ దారి ఇప్పటికీ వాడుకలోనే ఉంది.

2024 నవంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో గౌతమ్ అదానీ, మరికొందరిపై దాఖలైన అభియోగపత్రం బయటికి రావడంతో ‘గ్రాండ్ జ్యూరీ’ అనే మాట తెలుగు వార్తల్లో మారుమోగింది. ఆంధ్రప్రదేశ్ సౌర విద్యుత్ కొనుగోళ్ల ప్రస్తావన అందులో ఉండటంతో ఇక్కడ చర్చ మరింత వేడెక్కింది. ఆ ఆరోపణలను అదానీ గ్రూపు ఖండించింది. రాజకీయ వాదోపవాదాల నడుమ అసలు ప్రశ్న మరుగున పడిపోయింది. గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపిందంటే నేరం రుజువైనట్టా? కానే కాదు. కేసును విచారణకు పంపడానికి తగిన ఆధారం కనిపించిందని చెప్పడం వరకే దాని పని. నిందితుడి వాదన అక్కడ వినరు. జడ్జి కూడా ఆ గదిలో ఉండడు.

ఈ వ్యవస్థ లోపలి నుంచి ఎలా ఉంటుందో చట్టం పుస్తకాల కన్నా, యాభై ఏళ్ల కిందటి ఈ టీవీ ఎపిసోడే తేటగా చూపిస్తుంది. అందుకు కారణం కథలో ఎంత ఉందో, ఎంచుకున్న కథానాయకుడిలోనూ అంతే ఉంది.

అబద్ధమే పనిముట్టైన మనిషి

రాయ్ హగ్గిన్స్, స్టీఫెన్ జె. కానెల్ సృష్టించిన ఈ సీరియల్ ఎన్‌బీసీ ఛానల్‌లో 1974 సెప్టెంబరు నుంచి 1980 జనవరి వరకు నడిచింది. జిమ్ రాక్‌ఫర్డ్ పాత్రలో జేమ్స్ గార్నర్ నటించాడు. 1977లో ఆయనకు ఉత్తమ నటుడిగా, మరుసటి ఏడాది సీరియల్‌కు ఉత్తమ డ్రామాగా ఎమ్మీ అవార్డులు వచ్చాయి.

అప్పటికి అలవాటైన డిటెక్టివ్ వీరుల పక్కన రాక్‌ఫర్డ్ చాలా మామూలు మనిషి. మాలిబూలో ప్యారడైజ్ కోవ్ తీరాన ఒక పాత ట్రైలరే అతని ఇల్లూ, ఆఫీసూ. ఫీజు రోజుకు 200 డాలర్లు, ఖర్చులు అదనం. ఆ డబ్బు పూర్తిగా చేతికందే సందర్భాలు తక్కువ. తుపాకి ఉంది గానీ అది బిస్కెట్ల డబ్బాలో పడి ఉంటుంది. ప్రతి ఎపిసోడ్ ఫోను మోగడంతో మొదలవుతుంది. ఎత్తేవాళ్లుండరు, ఆన్సరింగ్ మెషీన్ పలుకుతుంది, అవతలి నుంచి ఎవరో బాకీ గురించో, మరో తలనొప్పి గురించో చెప్పి పెట్టేస్తారు.

ఈ ఎపిసోడ్‌కు అవసరమైన సంగతులు రెండున్నాయి. చేయని నేరానికి రాక్‌ఫర్డ్ శాన్ క్వెంటిన్ జైలులో ఐదేళ్లు గడిపి క్షమాభిక్షతో బయటపడ్డాడు. కాబట్టి నిర్దోషికి భయం దేనికి అనే మాట అతని దగ్గర చెల్లదు. రెండోది అతని పనితీరు. కారులో ఒక చిన్న ముద్రణ యంత్రం ఉంటుంది. అవసరాన్ని బట్టి అప్పటికప్పుడు ఒక విజిటింగ్ కార్డు అచ్చువేసుకుని ఇన్సూరెన్స్ అధికారిగానో, ప్రభుత్వ తనిఖీదారుగానో వెళ్లి సమాచారం రాబడతాడు. బొంకడం అతని వృత్తిలో భాగం. అలాంటి మనిషిని ప్రమాణం చేయించి కూర్చోబెడితే ఏమవుతుంది? అక్కడ పలికిన ప్రతి బొంకూ విడిగా ఒక నేరం. అబద్ధ సాక్ష్యానికి ఫెడరల్ చట్టంలో ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. రాక్‌ఫర్డ్‌కు ఉన్న ఒకే ఒక్క పనిముట్టును గడప దగ్గరే లాగేసుకుంటుంది ఈ కథ.

కథ ఎక్కడ బిగుస్తుంది

జువనీటా బార్ట్‌లెట్ రాయగా జానో స్వార్క్ దర్శకత్వం వహించిన ఈ ఎపిసోడ్‌లో కథ చిన్నది. ఒక కార్మిక సంఘం నాయకుడు కనిపించకుండా పోతాడు. ఆ కేసు చూస్తున్న ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ నుంచి రాక్‌ఫర్డ్‌కు సమన్లు వస్తాయి. ఆ మనిషి ఎవరో తనకు తెలియదంటాడు అతను. ప్రాసిక్యూటర్ నమ్మడు. ప్రశ్నల ఉచ్చు బిగుస్తుంది. చివరకు సమాధానం చెప్పడానికి నిరాకరించినందుకు కోర్టు ధిక్కారం కింద కటకటాల వెనక్కి పంపుతారు.

ప్రాసిక్యూటర్‌గా నటించిన విలియం డానియల్స్, తర్వాతి కాలంలో ‘నైట్ రైడర్’లో మాట్లాడే కారుకు గొంతునిచ్చిన వ్యక్తి. ఇక్కడ ఆయన అరవడు, బల్ల గుద్దడు. తాను చేస్తున్నది న్యాయమేనన్న నమ్మకంతో, ఫైలు ముందేసుకుని అడుగుతూ పోతాడు. ఆ పాత్రను అవినీతిపరుడిగా చూపించి ఉంటే పని సులువయ్యేది, తప్పంతా మనిషి మీదకు నెట్టేసి ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకునేవాడు. ఎపిసోడ్ బలమంతా అలా చేయకపోవడంలోనే ఉంది. ఇందులో ప్రతినాయకుడు ఒక విధానం.

ఆ గదిలో ఎవరుంటారు, ఎవరుండరు

ఫెడరల్ గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది పౌరులు ఉంటారు. అభియోగం మోపడానికి 12 మంది ఒప్పుకుంటే చాలు. గదిలో వీరు కాక ప్రాసిక్యూటర్లు, సాక్షి, వాంగ్మూలం నమోదు చేసే ఉద్యోగి, అవసరమైతే దుబాసీ ఉంటారు. ఓట్లు వేసే వేళకు జ్యూరర్లు తప్ప అందరూ బయటికి వెళ్లాలి.

సాక్షి తరఫు న్యాయవాదికి ఆ గదిలో చోటు లేదు. సాక్షి మాత్రం లేచి బయటికి వెళ్లి సలహా తీసుకుని తిరిగి రావచ్చు. ప్రశ్నను కాగితం మీద రాసుకుని, తలుపు తీసుకుని వెళ్లి, వసారాలో నిలబడిన వకీలుకు చూపించి, ఆయన చెప్పింది విని, మళ్లీ వచ్చి కూర్చోవడం అక్కడ మామూలు తంతు. ఇలా నాలుగైదుసార్లు లేచి వెళ్లిన సాక్షిని ఇరవై మందీ ఏ చూపు చూస్తారో ఊహించడం కష్టం కాదు. హక్కు ఉంది, వాడుకుంటే అనుమానం పెరుగుతుంది.

సాక్ష్యాల మీద మామూలు విచారణలో ఉండే కట్టుబాట్లు కూడా ఇక్కడ చాలావరకు వర్తించవు. వినికిడి సాక్ష్యం ఆధారంగానైనా అభియోగం మోపవచ్చని 1956లోనూ, అక్రమ సోదాలో దొరికిన సమాచారం ఆధారంగా కూడా సాక్షిని ప్రశ్నించవచ్చని 1974లోనూ అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. వృత్తి రహస్యం అనే మినహాయింపు న్యాయవాదికి ఉంది, ప్రైవేట్ డిటెక్టివ్‌కు లేదు. క్లయింటు పేరు చెప్పనని బింకంగా నిలబడే డిటెక్టివ్ తెర మీద గొప్పగా కనిపిస్తాడు గానీ, ఫెడరల్ చట్టం దృష్టిలో అతను మామూలు సాక్షే. మూలాలను చెప్పబోమన్న విలేకరులకూ 1972లో ఇదే సమాధానం దక్కింది.

ఈ వ్యవస్థ పుట్టింది మాత్రం ప్రజల రక్షణ పేరుతో. దీని వేళ్లు 1166లో రెండో హెన్రీ ఇంగ్లండ్‌లో తెచ్చిన శాసనం దాకా వెళతాయి. రాజుకు కోపం వచ్చిన ప్రతివాణ్నీ బోనెక్కించకుండా ఇరుగుపొరుగు వారు అడ్డు నిలవాలన్న ఆలోచన క్రమంగా దానికి తోడైంది. 1791లో అమెరికా రాజ్యాంగం ఐదో సవరణలో గ్రాండ్ జ్యూరీకి చోటిచ్చింది. ‘నాకు వ్యతిరేకంగా నేనే సాక్ష్యం చెప్పను’ అనే హక్కు కూడా ఆ సవరణలోనిదే. గ్రాండ్ జ్యూరీని పుట్టించిన ఇంగ్లండ్ 1933లో దానికి దాదాపుగా స్వస్తి చెప్పింది.

మౌనాన్ని తీసేసుకునే పద్ధతి

ఐదో సవరణ ఉండగా నోరు విప్పకపోతే జైలు ఎందుకు? అసలు మెలిక ఇక్కడే ఉంది.

‘నా జవాబు నన్నే ఇరికించవచ్చు’ అని సాక్షి అంటే ప్రాసిక్యూటర్ బలవంతం చేయలేడు. అయితే ఆ భయానికి కారణాన్నే తీసేయగలడు. ‘నువ్వు చెప్పేదాన్ని, దాని ద్వారా దొరికే ఆధారాలను నీ మీద వాడం’ అని జడ్జి చేత ఉత్తర్వు ఇప్పిస్తాడు. దీనినే ఇమ్యూనిటీ అంటారు. ఇక ఇరుక్కునే ప్రమాదం లేదు కాబట్టి మౌనంగా ఉండే హక్కూ లేదు. సాక్షి దీన్ని కోరుకోవలసిన పనిలేదు, వద్దన్నా అంటగట్టవచ్చు.

1892 నాటి తీర్పు ప్రకారం సాక్షి నోరు విప్పించాలంటే అతను మాట్లాడిన నేరం విషయంలో పూర్తి మినహాయింపు ఇవ్వాల్సి వచ్చేది. మాఫియా ముఠాలను అణచడానికి 1970లో చేసిన వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం దాన్ని కుదించింది. ఇకపై సాక్షి చెప్పిన మాటలను, వాటి నుంచి పుట్టిన ఆధారాలను వాడకపోతే చాలు. వేరే దారిలో ఆధారాలు దొరికితే అదే నేరానికి అతని మీదే కేసు పెట్టవచ్చు. 1972లో క్యాస్టిగర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

ఆ తర్వాత కూడా సాక్షి మాట్లాడకపోతే కోర్టు ధిక్కారం. అదే 1970 చట్టం ప్రకారం గ్రాండ్ జ్యూరీ గడువు ముగిసే వరకు, గరిష్ఠంగా 18 నెలలు నిర్బంధించవచ్చు. ఇది శిక్ష కాదు, ఒత్తిడి మాత్రమే అంటుంది చట్టం. అందుకే ఛార్జిషీటు లేదు, విచారణ లేదు, దోషి అన్న తీర్పు లేదు. ‘ఖైదీ జేబులోనే జైలు తాళంచెవి ఉంది, నోరు తెరిస్తే తలుపు తెరుచుకుంటుంది’ అన్నది అమెరికన్ కోర్టులు ఒక శతాబ్దానికి పైగా చెబుతున్న సమర్థన.

రాక్‌ఫర్డ్ కథ వేలు పెట్టేది ఈ సమర్థన మీదే. చెప్పడానికి సాక్షి దగ్గర ఏమీ లేకపోతే? ముఠా సభ్యుడికి ఎంపిక ఉంది. చెప్పి బయటపడతాడు, లేదా చెప్పకుండా లోపల ఉంటాడు. ఏమీ తెలియనివాడు ‘తెలియదు’ అంటే దాన్ని మొండితనంగా చూస్తారు. మరో సాక్షి దానికి విరుద్ధంగా చెబితే అబద్ధ సాక్ష్యం కేసు ఎదురవుతుంది, ఇమ్యూనిటీ దానికి వర్తించదు. పోనీ ప్రాసిక్యూటర్ కోరిన కథే చెబుదామంటే అదీ అబద్ధమే. తెలిసినవాడి కన్నా తెలియనివాడికే దారులు తక్కువ. ఈ విధానమంతా సాక్షికి ఏదో తెలుసన్న ఊహ మీద కట్టినది. ఆ ఊహ తప్పైతే సరిదిద్దే ఏర్పాటు గదిలో లేదు, వెలుపల ఉన్న జడ్జి కూడా చాలావరకు ప్రాసిక్యూటర్ చెప్పిన దాని మీదే ఆధారపడాలి.

1976లోనే ఎందుకు వచ్చింది

అప్పటి అమెరికన్ ప్రేక్షకుడికి ‘కనిపించకుండా పోయిన కార్మిక నాయకుడు’ అనగానే గుర్తుకొచ్చే పేరు జిమ్మీ హోఫా. ట్రక్కు డ్రైవర్ల సంఘం ‘టీమ్‌స్టర్స్’ మాజీ అధ్యక్షుడైన హోఫా 1975 జులై 30న డెట్రాయిట్ శివార్లలోని ఒక రెస్టారెంటు దగ్గర అదృశ్యమయ్యాడు. ఆ ఏడాదే డెట్రాయిట్‌లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ కూర్చుంది, పిలిపించిన పలువురు ఐదో సవరణను ఆశ్రయించారు. ఎపిసోడ్ ఆ పేరెత్తదు. ఎత్తవలసిన అవసరమూ లేదు.

రెండో కారణం ఇంకా లోతైనది. ముఠాల కోసం పదును పెట్టిన ఈ ఆయుధాన్ని అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం వియత్నాం యుద్ధ వ్యతిరేక కార్యకర్తల మీదకు తిప్పింది. ఎవరెవరిని కలిశారు, ఎక్కడ బస చేశారు, ఏం మాట్లాడుకున్నారు అంటూ దేశంలోని అనేక నగరాల్లో గ్రాండ్ జ్యూరీలు ఆరా తీశాయి. నోరు విప్పనివారు జైలుకు వెళ్లారు. 1973లో షికాగో ఫెడరల్ జడ్జి విలియం క్యాంప్‌బెల్, గ్రాండ్ జ్యూరీ పూర్తిగా ప్రాసిక్యూటర్ గుప్పిట్లో ఉందనీ, అతను తలచుకుంటే ఎవరి మీదనైనా అభియోగం మోపించగలడనీ రాశాడు. దశాబ్దాల పాటు ఆ వ్యవస్థలో పనిచేసిన మనిషి మాట అది.

నాణేనికి రెండో వైపూ ఉంది. వాటర్‌గేట్ కుంభకోణంలో 1974లో నిక్సన్‌ను అభియోగం మోపని సహ కుట్రదారుగా పేర్కొన్నది కూడా గ్రాండ్ జ్యూరీయే. అధ్యక్షుడి మనుషుల నోరు విప్పించగలిగింది ఈ కఠినమైన అధికారాల వల్లే. ఎపిసోడ్ ఈ పక్షాన్ని దాదాపుగా పట్టించుకోదు. దాని వాదనలో ఉన్న లోటు అదే.

మిగతా డిటెక్టివ్ కథల పక్కన పెడితే

1957 నుంచి 1966 వరకు నడిచిన ‘పెర్రీ మేసన్’లో కోర్టు హాలు నిజం బయటపడే చోటు. సరైన ప్రశ్న పడగానే అసలు దోషి అక్కడే కుప్పకూలతాడు. మన దూరదర్శన్‌లో 1985లో క్యారెట్ నములుతూ వచ్చిన కరమ్‌చంద్, 1993లో వచ్చిన బ్యోమకేశ్ బక్షీ కూడా అదే నమ్మకం మీద నడిచారు. తెలివైన ప్రశ్న అడిగితే సత్యం బయటికి వస్తుంది. ‘సో హెల్ప్ మీ గాడ్’ ఆ నమ్మకాన్నే తలకిందులు చేసింది. ప్రశ్న అడిగేవాడి చేతిలో జైలు కూడా ఉంటే, వచ్చే సమాధానం సత్యమేనన్న హామీ లేదు.

తర్వాతి కాలంలో

1970ల చివర సంస్కరణల బిల్లులు చాలానే వచ్చాయి. న్యాయవాదిని లోపలికి రానివ్వాలన్నది వాటిలో ప్రధానమైన కోరిక. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, ఫెడరల్ వ్యవస్థ ఒప్పుకోలేదు. నిందితుడికి అనుకూలమైన సాక్ష్యాన్ని గ్రాండ్ జ్యూరీకి చూపించి తీరాలన్న నియమమేదీ లేదని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది.

క్లింటన్ దంపతుల స్థలాల వ్యాపారానికి సంబంధించిన వైట్‌వాటర్ కేసులో నోరు విప్పని సుజన్ మెక్‌డూగల్ 1990లలో 18 నెలలు నిర్బంధంలో ఉన్నారు. మూలాన్ని బయటపెట్టనందుకు న్యూయార్క్ టైమ్స్ విలేకరి జూడిత్ మిల్లర్ 2005లో 85 రోజులు జైలులో గడిపారు. వికీలీక్స్‌కు రహస్య పత్రాలు ఇచ్చిన మాజీ సైనికురాలు చెల్సీ మానింగ్ ఉదంతం మరీ విచిత్రం. 2019 మేలో గ్రాండ్ జ్యూరీ గడువు ముగిసి విడుదలైన వారానికే కొత్త గ్రాండ్ జ్యూరీ సమన్లతో మళ్లీ లోపలికి వెళ్లారు. 2020 మార్చిలో బయటికి వచ్చేనాటికి రోజువారీ జరిమానాలు 2,56,000 డాలర్లకు చేరాయి.

న్యూయార్క్ ప్రధాన న్యాయమూర్తి సోల్ వాక్ట్‌లర్ 1985లో, ప్రాసిక్యూటర్లు కోరితే గ్రాండ్ జ్యూరీలు ‘హామ్ శాండ్‌విచ్’ మీద కూడా అభియోగం మోపుతాయని చమత్కరించాడు. ఆ మాట సామెతలా స్థిరపడింది. అయితే 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఫెడరల్ అధికారి మీదకు శాండ్‌విచ్ విసిరిన వ్యక్తిపై తీవ్ర నేరాభియోగం మోపడానికి గ్రాండ్ జ్యూరీ నిరాకరించింది. అడ్డు నిలవాలనే పాత పాత్రను ఇరుగుపొరుగు వారు అప్పుడప్పుడూ గుర్తుచేసుకుంటారన్నమాట.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది

భారత్‌లో గ్రాండ్ జ్యూరీ లేదు. పోలీసులు దర్యాప్తు చేసి ఛార్జిషీటు వేస్తారు, దాన్ని విచారణకు స్వీకరించాలో లేదో మేజిస్ట్రేటు చూస్తారు. ఇమ్యూనిటీకి మన పత్రికల్లో తరచూ కనిపించే పోలిక ‘అప్రూవర్’. రెండింటికీ తేడా ఉంది. అప్రూవర్‌గా మారడానికి నిందితుడు ఒప్పుకోవాలి, అమెరికన్ సాక్షి ఒప్పుకున్నా మానినా ఇమ్యూనిటీ వచ్చి పడుతుంది. దానికి అసలైన దగ్గరి చుట్టం పాత సాక్ష్య చట్టంలోని 132వ సెక్షన్. కోర్టులో సాక్షి ‘ఇరుక్కుంటాను’ అని జవాబు ఎగ్గొట్టలేడు, కానీ బలవంతాన చెప్పిన జవాబును అబద్ధ సాక్ష్యం కేసులో తప్ప అతని మీద వాడరు. 2023లో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ ఏర్పాటు కొనసాగింది.

రాక్‌ఫర్డ్ కూర్చున్న కుర్చీని పోలినది మన దగ్గర ఈడీ కార్యాలయంలో ఉంటుంది. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 50వ సెక్షన్ కింద సమన్లు అందుకున్నవారు హాజరై నిజం చెప్పాలి. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చే రక్షణ ‘నిందితుడికి’ మాత్రమే. సమన్ల దశలో ఆ వ్యక్తి నిందితుడు కాదు కాబట్టి ఆ రక్షణ వర్తించదని 2022 జులైలో విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. న్యాయవాది విషయంలో కొన్ని కేసుల్లో కోర్టులు మధ్యేమార్గం చూపాయి. ఆయన కనిపించేంత దూరంలో ఉండవచ్చు, మాటలు వినిపించేంత దగ్గరలో ఉండకూడదు.

జవాబు చెప్పని సాక్షిని ఏం చేయాలన్న దగ్గర మాత్రం రెండు దేశాల దారులు వేరయ్యాయి. 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ కేసులో సుప్రీంకోర్టు, 50వ సెక్షన్ సమన్లకు వచ్చిన వ్యక్తి ‘సహకరించలేదు’ అన్న ఒక్క కారణంతో అరెస్టు చేయడం కుదరదని తేల్చింది. ప్రశ్నించిన ప్రతి వ్యక్తీ నేరం ఒప్పుకుంటాడని, అలా ఒప్పుకోకపోతే అది దాటవేతేనని ఈడీ అనుకోవడం సరికాదని చెప్పింది. అరెస్టు చేయాలంటే అతను నేరం చేశాడని నమ్మడానికి తగిన కారణాలు అధికారి దగ్గర విడిగా ఉండాలి, వాటిని నిందితుడికి రాతపూర్వకంగా ఇవ్వాలి.